బాలిస్టిక్ క్షిపణుల శ్రేణి వర్గీకరణ – పదజాల చరిత్ర

పాఠం – 7

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

– బాలిస్టిక్ క్షిపణి అంటే ఏమిటో, క్రూయిజ్ క్షిపణికీ దానికీ గల తేడా ఏమిటో చెప్పగలుగుతారు.
– పరిధిని బట్టి క్షిపణులను ఏయే వర్గాలుగా విభజిస్తారో వివరించగలుగుతారు.
– ఈ వర్గాల హద్దులు ఏ చారిత్రక పరిస్థితుల్లో ఏర్పడ్డాయో విశ్లేషించగలుగుతారు.
– భారత క్షిపణులకు వాడే పేర్లను, తెలుగు పదజాలంలోని చిక్కులను గుర్తించగలుగుతారు.

7.1 పరిచయం

2017 జులై 4న ఉత్తర కొరియా హ్వాసాంగ్-14 అనే క్షిపణిని ప్రయోగించింది. అది 2,802 కి.మీ. ఎత్తుకు ఎగిరి 933 కి.మీ. దూరంలో సముద్రంలో పడిందని, తాము ప్రయోగించినది ఖండాంతర క్షిపణి అని ఆ దేశం ప్రకటించింది. అమెరికా కూడా దాన్ని ఖండాంతర క్షిపణిగానే గుర్తించింది. రష్యా మాత్రం అంగీకరించలేదు. తమ లెక్క ప్రకారం ఆ క్షిపణి 535 కి.మీ. ఎత్తుకు వెళ్లి 510 కి.మీ. దూరంలో పడిందని, కనుక అది ఖండాంతర క్షిపణి కాదని ఐక్యరాజ్య సమితికి తెలియజేసింది. భద్రతా మండలి ఖండన ప్రకటన ముసాయిదాలో 'ఖండాంతర' అనే మాట ఉన్నందున దానికి అడ్డుపడింది. ఆగస్టు 5న ఏకగ్రీవంగా ఆమోదించిన 2371వ తీర్మానంలో మండలి ఈ చిక్కును తప్పించుకుంది. అవి ఖండాంతర క్షిపణులని తాను చెప్పలేదు. ఉత్తర కొరియా అలా చెప్పుకున్నదని మాత్రమే రాసింది.

క్షిపణి ఒకటే, ప్రయోగం ఒకటే. పేర్లు మాత్రం రెండు. ఆ పేరు కోసం పెద్ద దేశాలు ఎందుకు అంతగా పట్టుబట్టాయి? 'స్వల్పశ్రేణి', 'మధ్యశ్రేణి', 'ఖండాంతర' అనే మాటలు పత్రికల్లో రోజూ చూస్తుంటాం కనుక అవి శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో నిర్ణయించిన కొలతలని అనుకుంటాం. నిజానికి ఈ హద్దుల్లో చాలావరకు ప్రభుత్వ శాఖల తగాదాలలో, ఒప్పందాల బల్లల దగ్గర, రెండు దేశాల మధ్య దూరాన్ని బట్టి ఏర్పడినవి. ఏ ఆయుధాన్ని లెక్కలోకి తీసుకోవాలి, దేన్ని వదిలేయాలి, దేన్ని ధ్వంసం చేయాలి అన్నది ఈ పేర్లను బట్టే నిర్ణయమైంది. ఈ పాఠం ప్రధానంగా చెప్పేది ఇదే.

7.2 బాలిస్టిక్ క్షిపణి – పరిధి

'క్షిపణి' అనే మాటకు మూలం 'క్షిప్' అనే సంస్కృత ధాతువు. దానికి విసరడం అని అర్థం. 'బాలిస్టిక్' అనే మాట కూడా ప్రాచీన రోమన్లు రాళ్లు విసరడానికి వాడిన 'బాలిస్టా' అనే యంత్రం పేరు నుంచి వచ్చింది. అంటే రెండు మాటలకూ మూలార్థం దాదాపు ఒకటే.

బాలిస్టిక్ క్షిపణి ఇంజను ప్రయాణం మొదట్లో కొద్ది నిమిషాలు మాత్రమే మండుతుంది. ఆ తరువాత క్షిపణి, మనం విసిరిన రాయిలాగే, తాను అందుకున్న వేగంతోనూ భూమ్యాకర్షణతోనూ ప్రయాణించి కిందికి వస్తుంది. క్రూయిజ్ క్షిపణి అలా కాదు. దాని ఇంజను చివరిదాకా పనిచేస్తూనే ఉంటుంది. అది విమానంలా గాలిలోనే ప్రయాణిస్తుంది. బ్రహ్మోస్ క్రూయిజ్ క్షిపణి కాగా, పృథ్వి, అగ్ని బాలిస్టిక్ క్షిపణులు.

ప్రయోగించిన చోటి నుంచి పడే చోటికి భూమి ఉపరితలం మీద కొలిచిన దూరమే పరిధి. ఇది చూడటానికి తేలికైన కొలతలా కనిపించినా, రెండు విషయాలు గుర్తుంచుకోవాలి.

మొదటిది, మోసుకెళ్లే బరువు. బరువు తగ్గితే అదే క్షిపణి ఎక్కువ దూరం వెళ్తుంది. మన పృథ్వి-1 క్షిపణి 1,000 కిలోల బరువుతో 150 కి.మీ. వెళ్తుంది. దాని నుంచి రూపొందిన పృథ్వి-2ను మొదట 500 కిలోల బరువుతో 250 కి.మీ. వెళ్లేలా తయారుచేశారు. అందువల్ల బరువు చెప్పకుండా పరిధి ఒక్కటే చెబితే ఆ సమాచారం సగమే.

రెండోది, ప్రయోగించే కోణం. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో ప్రక్షేపకాల పాఠం చదివినవారికి ఇది తెలిసిందే. దాదాపు నిటారుగా ప్రయోగిస్తే క్షిపణి చాలా ఎత్తుకు వెళ్లి దగ్గరలోనే పడుతుంది. హ్వాసాంగ్-14ను ప్రయోగించిన పద్ధతి ఇదే. 933 కి.మీ. దూరంలో పడిన క్షిపణిని ఖండాంతర క్షిపణి అనడానికి కారణం అది చేరిన ఎత్తు. అదే శక్తితో తగిన కోణంలో పంపితే ఎంత దూరం వెళ్లగలదో లెక్కగట్టి ఆ పేరు పెట్టారు. కాబట్టి ప్రకటించిన పరిధి చాలాసార్లు ఎవరూ చూసి కొలిచినది కాదు, గణించినది.

7.3 నేడు వాడుకలో ఉన్న వర్గీకరణ

అమెరికా సైనిక సంస్థలు వాడే ఈ కింది విభజన ప్రపంచవ్యాప్తంగా ఎక్కువ ప్రచారంలో ఉంది.

– స్వల్పశ్రేణి: 1,000 కి.మీ. లోపు (300 కి.మీ. లోపు వాటిని 'అతి సమీప శ్రేణి'గా విడదీయడం కూడా ఉంది)
– మధ్యశ్రేణి: 1,000 నుంచి 3,000 కి.మీ.
– మధ్యంతర శ్రేణి: 3,000 నుంచి 5,500 కి.మీ.
– ఖండాంతర: 5,500 కి.మీ. పైన

జలాంతర్గాముల నుంచి ప్రయోగించే క్షిపణులను సాధారణంగా వేరే వర్గంగా చూస్తారు. జలాంతర్గామి తానే లక్ష్యానికి దగ్గరగా వెళ్లగలదు కనుక అక్కడ పరిధికి అంత ప్రాధాన్యం లేదు.

ఈ విభజనను అన్ని దేశాలూ పాటించవు. చైనా వర్గీకరణలో 1,000 నుంచి 3,000 కి.మీ. వరకు మధ్యశ్రేణి, 3,000 నుంచి 8,000 కి.మీ. వరకు దీర్ఘశ్రేణి, 8,000 దాటితేనే ఖండాంతర. అంటే 6,000 కి.మీ. వెళ్లే క్షిపణి అమెరికా లెక్కలో ఖండాంతర క్షిపణి అయితే, చైనా లెక్కలో దీర్ఘశ్రేణి క్షిపణి. సోవియట్ సైన్యం ఉపయోగాన్ని బట్టి కూడా పేర్లు పెట్టింది. 300 కి.మీ. వెళ్లే స్కడ్-బి క్షిపణి వారికి 'ఆపరేషనల్-టాక్టికల్' క్షిపణి, అంటే యుద్ధరంగంలో సైన్యానికి తోడ్పడే ఆయుధం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. పరిధితో పాటు మోసుకెళ్లే బరువును కూడా ఎందుకు చెప్పాలి?
2. 6,000 కి.మీ. పరిధి గల క్షిపణిని అమెరికా, చైనా వర్గీకరణలలో ఏమంటారు?

7.4 తొలి హద్దులు: 1942–1957

తొలి ఆధునిక బాలిస్టిక్ క్షిపణి జర్మనీ తయారుచేసిన వి-2. 1942 అక్టోబర్ 3న పీనెముండేలో దాని ప్రయోగం మొదటిసారి విజయవంతమైంది. 1944 సెప్టెంబర్ నుంచి దాన్ని పారిస్, లండన్ నగరాలపై ప్రయోగించారు. దాని పరిధి సుమారు 320 కి.మీ. అప్పటికి ఇలాంటి ఆయుధం అదొక్కటే కనుక వర్గీకరణ అవసరమే రాలేదు.

యుద్ధం తరువాత అమెరికాలో ఆ అవసరం వచ్చింది. దానికి ముఖ్య కారణం శత్రువు కాదు, సొంత సైనిక విభాగాల మధ్య పోటీ. క్షిపణి ఫిరంగి గుండు లాంటిదని, కనుక అది తమదేనని పదాతి సైన్యం వాదించింది. అది పైలట్ లేని బాంబర్ విమానం లాంటిదని వైమానిక దళం వాదించింది. 1956 నవంబర్ 26న రక్షణ మంత్రి చార్లెస్ విల్సన్ ఒక ఉత్తర్వుతో గీత గీశారు. 200 మైళ్ల లోపు క్షిపణులు సైన్యానివి. ఆపై దూరం వెళ్లే భూస్థాపిత క్షిపణులు వైమానిక దళానివి. ఫలితంగా సైన్యం తరఫున వెర్నర్ వాన్ బ్రౌన్ బృందం రూపొందిస్తున్న జూపిటర్ క్షిపణి వైమానిక దళం చేతికి వెళ్లింది. 200 మైళ్ల దగ్గర క్షిపణి స్వభావంలో వచ్చే మార్పేమీ లేదు. అది ఒక కార్యాలయం గీసిన సరిహద్దు మాత్రమే.

ఇదే కాలంలో 'ఖండాంతర', 'మధ్యంతర' అనే రెండు పేర్లు స్థిరపడ్డాయి. 1955లో జేమ్స్ కిలియన్ అధ్యక్షతన నిపుణుల సంఘం ఇచ్చిన నివేదిక ఖండాంతర క్షిపణితో పాటు సుమారు 1,500 నాటికల్ మైళ్ల, అంటే దాదాపు 2,800 కి.మీ. క్షిపణి కూడా అవసరమని చెప్పింది. అమెరికా నుంచి నేరుగా సోవియట్ యూనియన్‌ను చేరేది మొదటిది. యూరప్‌లోని మిత్రదేశాల నుంచి ప్రయోగిస్తేనే సోవియట్ యూనియన్‌ను చేరగలిగేది రెండోది. అంటే 'మధ్యంతర' అన్న పేరు వెనుక అమెరికా భౌగోళిక పరిస్థితి ఉంది.

1957 ఆగస్టు 21న సోవియట్ యూనియన్ ఆర్-7 క్షిపణిని సుమారు 6,000 కి.మీ. దూరం పంపింది. అదే రాకెట్ అక్టోబర్ 4న స్పుత్నిక్‌ను కక్ష్యలోకి చేర్చింది. ఖండాంతర క్షిపణి కాగితం మీది మాటగా కాక, వాస్తవంగా ప్రపంచం ముందుకు వచ్చింది.

7.5 క్యూబా సంక్షోభం, 1962

1962 అక్టోబర్ 22న అధ్యక్షుడు కెనెడీ టెలివిజన్‌లో ప్రసంగిస్తూ క్యూబాలో రెండు రకాల సోవియట్ క్షిపణి స్థావరాలు ఉన్నాయని తెలిపారు. 1,000 నాటికల్ మైళ్లకు పైగా, అంటే దాదాపు 1,850 కి.మీ. వెళ్లగలిగే మధ్యశ్రేణి క్షిపణులవి కొన్ని; అంతకు రెట్టింపుకు పైగా వెళ్లగలిగే మధ్యంతర శ్రేణి క్షిపణులకు సిద్ధమవుతున్నవి కొన్ని. మొదటివి వాషింగ్టన్‌ను, పనామా కాలువను, మెక్సికో నగరాన్ని చేరగలవని, రెండోవి ఉత్తరాన కెనడాలోని హడ్సన్ బే నుంచి దక్షిణాన పెరూ రాజధాని లీమా వరకు చేరగలవని వివరించారు. ఈ రెండు మాటల తేడా సామాన్య ప్రజలకు తెలిసింది ఆ సంక్షోభంలోనే.

మొదటి రకం ఆర్-12 క్షిపణులు. ఇవి క్యూబా చేరాయి. రెండో రకం ఆర్-14 క్షిపణులు. నౌకా దిగ్బంధం వల్ల ఇవి క్యూబా చేరనే లేదు. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఇవి ఏవీ ఖండాంతర క్షిపణులు కావు. అయినా వాషింగ్టన్‌కు వాటి వల్ల కలిగే ముప్పు ఖండాంతర క్షిపణి ముప్పుకు ఏమాత్రం తీసిపోదు. క్షిపణి ఎంత దూరం వెళ్తుంది అన్నదానితో పాటు అది ఎక్కడ ఉంది అన్నది కూడా చూడాలి.

7.6 5,500 కి.మీ. గీత

1972 మే 26న మాస్కోలో నిక్సన్, బ్రెజ్నేవ్ వ్యూహాత్మక ఆయుధాల పరిమితిపై తాత్కాలిక ఒప్పందం మీద సంతకాలు చేశారు. దీన్నే సాల్ట్-1లో భాగంగా చెప్పుకుంటాం. ఖండాంతర క్షిపణి ప్రయోగ వేదికల సంఖ్యను పరిమితం చేయాలంటే ముందు ఖండాంతర క్షిపణి అంటే ఏమిటో నిర్వచించాలి. అమెరికా ప్రధాన భూభాగపు ఈశాన్య సరిహద్దుకూ, సోవియట్ ప్రధాన భూభాగపు వాయవ్య సరిహద్దుకూ మధ్య గల అతి తక్కువ దూరాన్ని మించి వెళ్లగలిగేదే ఖండాంతర క్షిపణి అని ఉభయులూ అంగీకరించారు. 1979 జూన్ 18న వియన్నాలో సంతకాలైన సాల్ట్-2 ఒప్పందం దీన్ని 5,500 కి.మీ. అనే అంకెగా మార్చింది. ఆ ఒప్పందానికి ఆమోదముద్ర పడలేదు కానీ అంకె నిలిచిపోయింది. 1991 నాటి స్టార్ట్-1 ఒప్పందంలోనూ అదే ఉంది.

ఈ నిర్వచనంలో 'ప్రధాన భూభాగం' అనే మాట చాలా ముఖ్యమైనది. అలాస్కాను కూడా లెక్కలోకి తీసుకుంటే బేరింగ్ జలసంధి దగ్గర రెండు దేశాల మధ్య దూరం సుమారు 85 కి.మీ. మాత్రమే. కనుక ఇది రెండు ఖండాల మధ్య దూరం కాదు. రెండు దేశాలు ఎంచుకున్న రెండు అంచుల మధ్య దూరం. మరో రెండు దేశాలు కూర్చుని ఉంటే మరో అంకె వచ్చేది.

7.7 గీతకు దిగువన: 1976–1987

గీత ఎక్కడ గీస్తే దాని కింద ఖాళీ ఏర్పడుతుంది. సోవియట్ యూనియన్ 1976 నుంచి ఆర్‌ఎస్‌డి-10 క్షిపణులను మోహరించింది. పాశ్చాత్యులు దీన్ని ఎస్‌ఎస్-20 అని పిలిచారు. పరిధి సుమారు 5,000 కి.మీ., మూడు వార్‌హెడ్‌లు. 5,500 కన్నా తక్కువ కాబట్టి సాల్ట్ లెక్కలోకి ఇది రాదు. కానీ పశ్చిమ యూరప్ రాజధానులన్నీ దాని పరిధిలోనే ఉన్నాయి. అమెరికాను చేరలేనిది కాబట్టి వాషింగ్టన్ దృష్టిలో అది 'వ్యూహాత్మక' ఆయుధం కాకపోవచ్చు. బాన్, పారిస్ నగరాల్లో ఉన్నవారికి ఆ తేడాలో ఊరట ఏముంటుంది?

1979 డిసెంబర్ 12న నాటో కూటమి రెండు నిర్ణయాలు ఒకేసారి తీసుకుంది. 108 పెర్షింగ్-2 బాలిస్టిక్ క్షిపణులను, 464 క్రూయిజ్ క్షిపణులను యూరప్‌లో మోహరించడం ఒకటి. చర్చలకు పిలవడం మరొకటి. పెర్షింగ్-2 పరిధి సుమారు 1,800 కి.మీ. అని, పశ్చిమ జర్మనీ నుంచి అది మాస్కోను చేరలేదని అమెరికా చెప్పింది. సోవియట్ నాయకత్వం ఆ మాట నమ్మలేదు.

చివరకు 1987 డిసెంబర్ 8న రీగన్, గోర్బచేవ్ వాషింగ్టన్‌లో ఐఎన్ఎఫ్ ఒప్పందంపై సంతకాలు చేశారు. భూమి మీది నుంచి ప్రయోగించే 500 నుంచి 1,000 కి.మీ. క్షిపణులను ఒక వర్గంగా, 1,000 నుంచి 5,500 కి.మీ. క్షిపణులను మరో వర్గంగా నిర్వచించి, రెండింటినీ పూర్తిగా నిర్మూలించాలని నిర్ణయించారు. ఇక్కడ 3,000 కి.మీ. దగ్గరి హద్దు మాయమైంది. ఆంగ్ల ప్రతిలో 'ఇంటర్మీడియట్' అని ఉన్నచోట రష్యన్ ప్రతిలో 'మధ్యశ్రేణి' అనే అర్థమిచ్చే మాట ఉంది. మాటలు వేరైనా, కిలోమీటర్లు రాసి ఉన్నాయి కనుక అపార్థానికి తావు లేకపోయింది.

అయినా హద్దు దగ్గర వివాదం తప్పలేదు. సోవియట్ ఓకా క్షిపణి పరిధి 400 కి.మీ. అని దాని తయారీదారులు చెప్పారు. అది 500 కి.మీ. వెళ్లగలదని అమెరికా వాదించింది. గోర్బచేవ్ దాన్ని జాబితాలో చేర్చడానికి ఒప్పుకున్నారు. 239 ఓకా క్షిపణులు ధ్వంసమయ్యాయి. సోవియట్ సైనికాధికారులు ఈ విషయంలో గోర్బచేవ్‌ను చాలాకాలం తప్పుపట్టారు. మొత్తం మీద 1991 నాటికి సోవియట్ యూనియన్ 1,846, అమెరికా 846, కలిపి 2,692 క్షిపణులను నిర్మూలించాయి. 2019 ఆగస్టు 2న అమెరికా వైదొలగడంతో ఈ ఒప్పందం ముగిసింది.

7.8 300 కి.మీ. గీత

1987లోనే ఏడు పారిశ్రామిక దేశాలు క్షిపణి సాంకేతిక పరిజ్ఞాన నియంత్రణ వ్యవస్థను ఏర్పాటు చేశాయి. దీన్ని ఎంటీసీఆర్ అంటారు. 500 కిలోల బరువును 300 కి.మీ. దూరం మోయగల క్షిపణులను, వాటి ప్రధాన పరికరాలను ఇతర దేశాలకు ఇవ్వడంపై కఠిన ఆంక్షలు పెట్టుకున్నారు. పరిధితో పాటు బరువును కూడా చెప్పిన కొలత ఇది. రష్యా భాగస్వామ్యంతో తయారైన బ్రహ్మోస్ పరిధిని మొదట్లో 290 కి.మీ. అని ప్రకటించడానికి కారణం ఈ గీతే. 2016 జూన్ 27న భారతదేశం ఈ వ్యవస్థలో సభ్యత్వం పొందిన తరువాత ఆ పరిధిని పెంచే కృషి మొదలైంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
3. 5,500 కి.మీ. అనే అంకె దేని ఆధారంగా వచ్చింది?
4. ఎస్‌ఎస్-20 క్షిపణి సాల్ట్ పరిమితుల్లోకి ఎందుకు రాలేదు?

7.9 భారత క్షిపణులు – వాటి పేర్లు

1983లో ప్రారంభమైన సమీకృత గైడెడ్ క్షిపణి అభివృద్ధి కార్యక్రమానికి హైదరాబాద్‌లోని డి.ఆర్.డి.ఎల్. కేంద్రం. అప్పుడు దాని డైరెక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం. పృథ్వి తొలి ప్రయోగం 1988 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి జరిగింది. 1989 మే 22న ఒడిశాలోని చాందీపూర్ నుంచి అగ్నిని ప్రయోగించారు. అప్పట్లో ప్రభుత్వం అగ్నిని ఏ శ్రేణి ఆయుధంగానూ పేర్కొనలేదు. 'సాంకేతిక ప్రదర్శన' అని మాత్రమే అంది. పేరు పెట్టకపోవడం కూడా ఒక విధానమేనని ఇది తెలుపుతుంది.

తరువాత వచ్చిన వాటి పరిధులు ఇవి. అగ్ని-2 (1999) 2,000 కి.మీ. పైన, అగ్ని-1 (2002) 700 కి.మీ.; అగ్ని-3 (విజయవంతమైన తొలి ప్రయోగం 2007) 3,000 కి.మీ. పైన, అగ్ని-5 (2012) 5,000 కి.మీ. పైన. అగ్ని-2 తరువాత అగ్ని-1 రావడం విద్యార్థులను తికమక పెడుతుంది. ఈ అంకెలు తయారైన వరుసను కాక, పరిధుల క్రమాన్ని సూచిస్తాయి. పృథ్వికీ అగ్ని-2కూ మధ్య ఉన్న ఖాళీని పూరించడానికి అగ్ని-1 వచ్చింది.

అగ్ని-5 తొలి ప్రయోగం జరిగినప్పుడు చాలా పత్రికలు దాన్ని ఖండాంతర క్షిపణి అని రాశాయి. దాని అసలు పరిధి 8,000 కి.మీ. ఉంటుందని చైనా నిపుణులు కొందరు అన్నారు. 2025 ఆగస్టు 20 నాటి ప్రయోగం గురించి మన రక్షణ శాఖ ఇచ్చిన ప్రకటనలో మాత్రం అది మధ్యంతర శ్రేణి క్షిపణి. 'ఖండాంతర' అంటే దేశం గొప్పతనమని పాఠకుడు అనుకోవచ్చు. కానీ ఆ మాట వాడితే యూరప్ వంటి దూర ప్రాంతాలకు కూడా భారతదేశం గురిపెట్టిందన్న అర్థం వస్తుంది.

దక్షిణాసియాలో 'స్వల్పశ్రేణి' అనే మాటను మరింత జాగ్రత్తగా చదవాలి. అమృత్‌సర్, లాహోర్ నగరాల మధ్య దూరం సుమారు 50 కి.మీ. పాకిస్తాన్ 2011లో పరీక్షించిన నస్ర్ క్షిపణి పరిధి 60 కి.మీ. అమెరికా, సోవియట్ యూనియన్ల మధ్య దూరంతో పుట్టిన కొలబద్ద ప్రకారం ఇది చాలా చిన్న ఆయుధం. సరిహద్దుకు ఇరువైపులా నివసించే వారికి మాత్రం ఇది చిన్నది కాదు. 2005 అక్టోబర్ 3న భారత్, పాకిస్తాన్ కుదుర్చుకున్న ముందస్తు సమాచార ఒప్పందం ఈ వాస్తవాన్ని గుర్తించింది. భూమి మీది నుంచి గాని సముద్రం మీది నుంచి గాని ప్రయోగించే ఉపరితల లక్ష్య బాలిస్టిక్ క్షిపణి ఏదైనా సరే, పరీక్షకు కనీసం మూడు రోజుల ముందు తెలియజేయాలి. అందులో శ్రేణుల ప్రసక్తి లేదు. క్రూయిజ్ క్షిపణులు మాత్రం ఆ ఒప్పందం పరిధిలోకి రావు.

7.10 తెలుగు పదజాలం – కొన్ని జాగ్రత్తలు

'మీడియం', 'ఇంటర్మీడియట్' అనే మాటలు మన విద్యార్థులకు కొత్తవి కావు. ఒకటి చదువుకునే భాషను, మరొకటి పదో తరగతికీ డిగ్రీకీ మధ్య చదువును గుర్తుచేస్తాయి. క్షిపణుల విషయంలో తెలుగు పత్రికలు ఈ రెండింటికీ 'మధ్యశ్రేణి' అనే రాయడం తరచుగా కనిపిస్తుంది. దీనివల్ల 1,500 కి.మీ. క్షిపణి, 4,500 కి.మీ. క్షిపణి ఒకే పేరు కిందికి వస్తాయి. ఈ పాఠంలో మొదటిదానికి 'మధ్యశ్రేణి', రెండోదానికి 'మధ్యంతర శ్రేణి' వాడాం.

'శ్రేణి' అనే మాటకు కూడా రెండు అర్థాలున్నాయి. 'అగ్ని శ్రేణి క్షిపణులు' అంటే అగ్ని పేరుతో వరుసగా వచ్చినవి. 'స్వల్పశ్రేణి క్షిపణులు' అంటే తక్కువ దూరం వెళ్లేవి. అందుకే దూరాన్ని చెప్పవలసినచోట 'పరిధి' అనడం మేలు. పరీక్షలో రాసేటప్పుడు వర్గం పేరు పక్కన కిలోమీటర్లను కూడా రాయండి. ఏ దేశపు వర్గీకరణను అనుసరిస్తున్నారో ఒక్క మాటలో చెప్పండి.

7.11 సారాంశం

బాలిస్టిక్ క్షిపణి పరిధి అది మోసే బరువును, ప్రయోగించే కోణాన్ని బట్టి మారుతుంది. వర్గాల హద్దులు ప్రకృతిలో లేవు. 200 మైళ్ల గీత అమెరికా సైనిక విభాగాల పోటీ నుంచి, 5,500 కి.మీ. గీత రెండు అగ్రరాజ్యాల మధ్య దూరం నుంచి, 500 కి.మీ. గీత ఐఎన్ఎఫ్ ఒప్పందం నుంచి, 300 కి.మీ. గీత ఎగుమతి నియంత్రణ నుంచి వచ్చాయి. ఒక క్షిపణి పేరు చదివినప్పుడు అది ఎంత దూరం వెళ్తుంది అన్న ప్రశ్నతో పాటు, ఆ పేరు ఎవరు పెట్టారు, దానివల్ల ఏ ఆయుధం లెక్కలోకి వచ్చింది, ఏది తప్పించుకుంది అన్న ప్రశ్నలు కూడా చరిత్ర విద్యార్థి వేసుకోవాలి.

7.12 మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు

1. బరువు తగ్గితే అదే క్షిపణి ఎక్కువ దూరం వెళ్తుంది కాబట్టి. 7.2 చూడండి.
2. అమెరికా వర్గీకరణలో ఖండాంతర క్షిపణి. చైనా వర్గీకరణలో దీర్ఘశ్రేణి క్షిపణి.
3. అమెరికా ప్రధాన భూభాగపు ఈశాన్య సరిహద్దుకూ, సోవియట్ ప్రధాన భూభాగపు వాయవ్య సరిహద్దుకూ మధ్య గల అతి తక్కువ దూరం ఆధారంగా.
4. దాని పరిధి 5,500 కి.మీ. కన్నా తక్కువ కావడం వల్ల.

7.13 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. బాలిస్టిక్ క్షిపణుల శ్రేణి వర్గీకరణ రాజకీయ అవసరాల నుంచి రూపొందిందన్న అభిప్రాయాన్ని తగిన ఉదాహరణలతో చర్చించండి.
2. ఐఎన్ఎఫ్ ఒప్పందానికి దారితీసిన పరిస్థితులను, దాని ఫలితాలను వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 1956 నాటి విల్సన్ ఉత్తర్వు
2. క్యూబా సంక్షోభంలో మధ్యశ్రేణి, మధ్యంతర శ్రేణి క్షిపణులు
3. దక్షిణాసియాలో 'స్వల్పశ్రేణి' అనే మాటకు గల పరిమితులు